పట్టీ ఉన్న తూటా, ఎల్డన్ బ్రెకీ

ఎల్డన్ బ్రెకీ దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే రకాలు. నడుముకి పట్టీ ఉన్నవి, లేనివి. ఉన్నవి గొప్పవి, లేనివి దండగ.

ఈ పట్టీ గోలంతా తూటాల గురించి. అరవైమూడులో వచ్చిన విన్‌మాగ్ అనే పెద్ద తూటాకి అడుగున ఇత్తడి పట్టీ ఒకటి ఉబ్బెత్తుగా ఉంటుంది. ఈమధ్య వచ్చిన పీఆర్‌సీ అనే తూటాకి అది లేదు. కొత్తదాని గుండు పొడుగ్గా, కోసుగా ఉండి దూరం వెళ్ళినకొద్దీ గాలికి తక్కువ చెదురుతుంది. వయోమింగ్‌లో మా టెన్‌మైల్ ఊళ్ళో ఈ తేడా తెలియని మనిషి లేడు. తెలియనివాళ్ళకి ఎల్డన్ చెప్పాడు. తెలిసినవాళ్ళకి ఇంకా ఎక్కువసేపు చెప్పాడు. పళ్ళ డాక్టరు ఆయన నోట్లో రెండు చేతులూ పెట్టి ఉండగా కూడా చెప్పాడట. డాక్టరుకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా విషయం అదేనని తెలిసిపోయిందట.

డెబ్బై నాలుగేళ్ళు ఆయనకి. ప్యాంటుకి బెల్టూ పెడతాడు, భుజాలమీంచి పట్టీలూ వేస్తాడు. పోయిన వసంతంలో మా ఊరి వేటగాడు గిల్ చనిపోయినప్పుడు చర్చిలో పాస్టరు ప్రసంగం సాగదీస్తే, "పీఆర్‌సీ లాగే ఉంది, పొడుగెక్కువ, పస తక్కువ" అన్నాడు. మెల్లగానే అన్నాననుకున్నాడు, చర్చంతా వినపడింది. ముందు వరసలో కూర్చున్న గిల్ భార్య లొరీన్ ఆ వారంలో మొదటిసారి నవ్వింది. మిగతావాళ్ళం సిగ్గుతో చచ్చాం.

నాది వేట మాంసం కొట్టు. సీజన్లో ఊరంతా ఎల్క్ దుప్పుల్ని కొట్టి నా దగ్గరికి తెస్తారు. నేను కోసి, పొట్లాలు కట్టి, పేర్లు రాసిస్తాను. కొట్టు ముందుభాగంలో కాఫీ కుండ ఉంటుంది కాబట్టి పని లేనివాళ్ళంతా అక్కడే పడి ఉంటారు. వాళ్ళలో మొదటివాడు ఎల్డన్. రెండోవాడు డారెల్, గ్యాసు పైపులైన్లో పనిచేస్తాడు, నలభై ఏళ్ళవాడు, పీఆర్‌సీ భక్తుడు. వాడి ఫోన్లో గాలి వేగం కూడా కనిపిస్తుంది.

"ఏరా డారెల్, నీ ఫోను ఏమంటోంది?"

"పడమటి గాలి, గంటకి పన్నెండు మైళ్ళు."

"నా టోపీ కూడా అదే చెప్పింది. దానికి ఛార్జింగు అక్కర్లేదు."

"ముసలాయనా, ఎనిమిదొందల గజాల దూరంలో నీ గుండు నా గుండుకన్నా అడుగు పైనే పక్కకి కొట్టుకుపోతుంది. లెక్క చూపించనా?"

"ఎనిమిదొందల గజాలా? నువ్వు ఎల్క్‌ని వేటాడుతున్నావా, దానికి ఉత్తరం రాస్తున్నావా?"

"సరే, ఆ పట్టీ వల్ల ఒక్క ఉపయోగం చెప్పు. ఒక్కటి."

"నువ్వు నిరుడు తూటాలు ఇంట్లో మరిచిపోయి తొంభై మైళ్ళు వెనక్కొచ్చావే, అప్పుడు చెప్పాల్సింది. నా తూటాలు పెట్రోలు బంకులో చేపల ఎరల పక్కనే దొరుకుతాయి."

"అది పట్టీ గొప్పతనం కాదు, బంకు గొప్పతనం."

ఇలా పొద్దున ఏడుకి మొదలయ్యేది. ఈ ఇద్దరూ నోటితో కొట్టినవన్నీ ఎనిమిదొందల గజాలవే. నా బల్లమీదికొచ్చేవి మాత్రం రెండొందల లోపువే. ఇలాంటి పెద్ద తూటా దగ్గర్నుంచి తగిలితే జంతువు భుజం రక్తం కమ్మి ముద్దయిపోతుంది, నాలుగైదు పౌండ్ల మాంసం కుక్కలపాలు. నాకు భుజం చూస్తే చాలు, కొట్టినవాడు ఎంత దూరంనుంచి కొట్టాడో, తర్వాత ఎన్ని కోతలు కోశాడో రెండూ తెలిసిపోతాయి.

గోడమీద నల్లబల్ల ఒకటుంది. ఒకపక్క పట్టీ ఉన్న పాత తూటాలు, ఇంకోపక్క లేని కొత్తవి. ఏ తూటాతో ఎల్క్ పడితే ఆ పక్క ఒక గీత. సీజను ఆఖరిరోజు లెక్క తేలుస్తారు. ఓడినవాడు కుర్చీ ఎక్కి అందరి ముందూ ఒప్పుకోవాలి. ఎల్డన్ ఓడితే "పట్టీ వల్ల ఉపయోగం లేదు" అనాలి. ఇప్పటిదాకా అనలేదు. పొగరెక్కువై ఒక ఏడాది తనే ఒక రూలు కూడా పెట్టాడు. "సమానమైతే పాతది ఓడినట్టే. అరవై ఏళ్ళ అనుభవం ఉండి నిన్నటి కుర్రదానితో సమానమైతే సిగ్గుచేటు" అన్నాడు.

తూటాలు గ్యారేజీలో స్వయంగా నింపుకుంటాడు. "తుపాకిమందు ఒక్క గింజ తగ్గించినా తూటాని అవమానించినట్టే" అంటాడు. ఆయన తుపాకీ పేల్చి వెనక్కి తూలినప్పుడల్లా ఎవరు ఎవర్ని అవమానిస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు.

పోయిన సెప్టెంబరులో, సీజనుకి ముందు ఊరంతా తుపాకులు సరిచూసుకునే శనివారం, లొరీన్ గిల్ తుపాకీ పట్టుకుని గురి చూసే మైదానానికొచ్చింది. అది విన్‌మాగే. గిల్ పోకముందే ఇద్దరూ కలిసి వేట అనుమతికి దరఖాస్తు పెట్టారు, లాటరీలో ఈవిడకి అనుమతి చీటీ తగిలింది. ఇంట్లో మాంసం పెట్టె ఖాళీ. నలభై ఏళ్ళుగా దాన్ని నింపినవాడు లేడు.

మొదటి దెబ్బకి లొరీన్ కళ్ళు మూసుకుంది. తుపాకీ వెనక్కి తన్ని, పైనున్న దుర్భిణి అంచు కనుబొమ్మని కోసేసింది. మరో రెండు పేల్చింది. ఒక్కటీ గురి కాగితానికి కూడా తగల్లేదు.

"నా చిన్న తుపాకీ ఇస్తా, లొరీన్ గారూ. అది తన్నదు," అన్నాడు డారెల్. వాడు మంచివాడే, తూటాల ఊసు లేనప్పుడు.

"గిల్‌దైతే వెళ్తాను. లేకపోతే లేదు," అంది లొరీన్, కనుబొమ్మకి రుమాలు అదుముకుంటూ. "కానీ గాయపడ్డ జంతువుని కొండమీద వదిలేసి వచ్చే మనిషిని కాను నేను. వచ్చే శనివారానికి గురికి పెట్టిన ఆ ఇనప పళ్ళేన్ని కొట్టలేకపోతే చీటీ చించేస్తా. తుపాకీ నువ్వే తీసుకో."

ఎల్డన్ ఊరుకుంటాడా? "తప్పు ఆ తూటాలది. గిల్‌కి మందు కొలవడం ఎప్పుడు వచ్చింది గనక? నేను నింపిస్తా."

"నువ్వు నింపితే ఆవిడ భుజం ఊడిపోతుందయ్యా," అన్నాడు డారెల్.

"విన్‌మాగ్‌కి తలొంచడం నేర్చుకుంటే ఎవరి భుజమూ ఊడదు."

మొగుడు పోయిన మనిషితో మాట్లాడే తీరా అది? ఆ రోజు నాకు ఆయన మీద నిజంగా ఒళ్ళు మండింది.

తర్వాతి శనివారం లొరీన్ ఎల్డన్ నింపిన ఐదు తూటాలు పేల్చింది. నాలుగు పళ్ళేనికి తగిలాయి. ఎల్డన్ మైదానమంతా తిరిగి ఆ సంగతి చెప్పాడు, కళ్ళతో చూసినవాళ్ళక్కూడా.

సీజను ఆఖరిరోజు పొద్దున లొరీన్ ఎల్క్‌ని కొట్టింది, ఎనభై గజాల నుంచి, ఒకే దెబ్బ. దారి చూపించడానికి వెంట వెళ్ళింది ఎల్డనే. మధ్యాహ్నానికి నా బల్లమీదికి తెచ్చారు. అప్పటికి నల్లబల్లమీద అటు పద్నాలుగు, ఇటు పద్నాలుగు. లొరీన్ స్నానానికి ఇంటికెళ్ళింది. నేను తోలు తీశాను. తీసి ఆగిపోయాను.

"ఎల్డన్, ఇలా రా. ఈ భుజం చూడు."

"ఎంత బాగుందో."

"అదే అడుగుతున్నా. ఎనభై గజాల్లో విన్‌మాగ్ తగిలితే ఎందుకంత బాగుంది?" అవతలి తోలు కింద దొరికిన గుండు ఆయన అరచేతిలో పెట్టాను. చిన్నది, తేలికది, పెద్దగా నలగలేదు కూడా. "మందు ఎంత తగ్గించావు?"

ఎల్డన్ ఖీమా మిషను వైపు చూశాడు. "మూడో వంతు," అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు. "మందు రకం కూడా మార్చాను. దగ్గర్లో అయితే అది చాలు. అందుకే పొట్టమీద పాకించి మరీ తీసికెళ్ళాను."

"ఆవిడకి చెప్పొచ్చుగా?"

"చెబితే తీసుకుంటుందా? గిల్ తుపాకీని తనే లొంగదీశాననుకుంటోంది. అబద్ధమేం కాదు, కళ్ళు తెరిచి కొట్టింది. నువ్వు నోరు జారావంటే నా ఎల్క్‌ని ఇంకో కొట్టుకి పట్టుకెళ్తా."

"ఇంకో కొట్టు అరవై మైళ్ళు."

"నడిచి పోతా."

నేను సుద్దముక్క తీశాను. "సరే, విన్‌మాగ్ కింద గీస్తున్నా. పదిహేను. గెలిచావు."

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "గీయకు," అన్నాడు. "పెట్టెమీద పేరు విన్‌మాగే. లోపలిది కాదు." పెద్దమనిషి లొరీన్‌ని మభ్యపెట్టగలిగాడు గాని నల్లబల్లని మభ్యపెట్టలేకపోయాడు.

సాయంత్రం అందరూ చేరారు. లొరీన్ ఆపిల్ పై, అంటే ఆపిల్ ముక్కలు నింపిన తీపి రొట్టె, చేసి తెచ్చింది.

"పద్నాలుగు, పద్నాలుగు," అని చదివాడు డారెల్. "లొరీన్ గారి గీత ఏది?"

"అవును, నాదేది?" అంది లొరీన్.

ఎల్డన్ లేచి, సుద్ద అందుకుని, నల్లబల్లమీద మూడో గడి గీశాడు. పైన లొరీన్ అని రాసి, కింద ఒక్క గీత పెట్టాడు.

"మిగతా ఇరవై ఎనిమిదీ తూటాలు కొట్టినవి," అన్నాడు. "ఇది ఈవిడ కొట్టింది. ఆ పేరు తూటాకెందుకివ్వాలి?"

లొరీన్ ఆ గీతకేసి చూసింది. కనుబొమ్మమీద మచ్చ తడుముకుంది. ఆ తీపి రొట్టె కోసి మొదటి ముక్క, అన్నిట్లోకీ పెద్దది, ఎల్డన్ ముందు పెట్టింది.

డారెల్‌కి మాత్రం లెక్క వదిలేది లేదు. "అయితే సమానం. సమానమైతే పాతది ఓడినట్టు. నీ రూలే, ముసలాయనా."

"నా రూలే."

"కుర్చీ ఎక్కు."

ఎక్కాడు. బెల్టు పైకి లాక్కున్నాడు. "పట్టీ వల్ల ఉపయోగం లేదు."

"వినపడలేదు."

"వినపడింది, డారెల్," అంది లొరీన్.

డారెల్ ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. తీరా వినేసరికి వాడి మొహం ఊరికి పోవాల్సిన బస్సు తప్పిపోయినవాడిలా అయింది. ఇక రేపట్నుంచి ఎవరితో పోట్లాడాలో వాడికి తోచలేదు.

ఏటా సీజను అయ్యాక నల్లబల్ల తుడిచేస్తాను. ఈసారి రెండు గళ్ళే తుడిచాను, మూడోది అలాగే ఉంచాను. ఎల్డన్ దాన్ని చూశాడు. ఆయన దేనితోనూ పోల్చని వస్తువు మా ఊళ్ళో అదొక్కటే.

డారెల్ బెంగ మాత్రం ఒక్కరాత్రిలోనే తీరింది. మర్నాడు పొద్దున ఏడుకి తలుపు తోసుకుని ఎల్డన్ వచ్చాడు. కాఫీ పోసుకుని, డారెల్ ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్న నేనన్నది చెల్లదురా. ఆ కుర్చీ కొత్తది, దానికి పట్టీ లేదు."