నేను చూడకుండా పాస్ చేసిన ఫిట్టర్

2023 ఎండాకాలం. చిలకలూరిపేట పక్కన ఒక కాలనీకి కొత్తగా పైపు గ్యాస్ వచ్చింది. ఆ లైన్లు తనిఖీ చేసే సూపర్‌వైజర్‌ని నేను. అంతకుముందు ఇరవై ఏళ్ళు నీళ్ళ పైపుల పని చేసి, తర్వాత గ్యాస్ పని నేర్చుకున్నాను. రెండూ తెలిసినవాళ్ళు మా వైపు తక్కువ కాబట్టి అప్పుడప్పుడు ట్రైనింగ్ సెంటర్లవాళ్ళు నన్ను అసెసర్‌గా పిలిచేవాళ్ళు. అసెసర్ అంటే కోర్సు చివర పరీక్ష పెట్టి, ఎవరికి పని వచ్చో ఎవరికి రాదో తేల్చి సంతకం పెట్టేవాడు. ఆ సంతకం పడితే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటే కార్డు. కార్డు లేనివాణ్ణి గ్యాస్ కాంట్రాక్టర్ గేటు కూడా దాటనివ్వడు.

ఆ రోజు పొద్దున రాజ్యలక్ష్మి గారి ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చిందని వెళ్ళాను. ఆవిడ ఊరగాయలు, కారప్పొడులు చేసి అమ్ముతారు. గుమ్మంలో కాలు పెట్టగానే మిరప్పొడి ఘాటుకి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాను. ఆవిడ గ్యాస్ వాల్వు కట్టేసి, పెరట్లో కట్టెల పొయ్యి మీద వంట చేసుకుంటున్నారు.

"మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నానండీ. గ్యాస్ వాసనొస్తోంది బాబూ అంటే, మీరు ఊరగాయలు పెడతారు కదమ్మా, వెల్లుల్లి వాసనేమో చూసుకోండి అన్నాడు మీ ఆఫీసాయన. ముప్ఫై ఏళ్ళుగా వెల్లుల్లి దంచుతున్నా. వెల్లుల్లి వాసనేదో నాకు తెలీదంటండీ?"

కిటికీలు తీయించి, పెరట్లో పొయ్యి ఆర్పించి, వాల్వు తిప్పి సబ్బు నీళ్ళతో జాయింట్లన్నీ తడిపాను. స్టవ్ వెనకాల పైపు వంపు తిరిగే చోట బుడగలు బుసబుసా పొంగాయి. ఆ మూడు రోజుల్లో ఆవిడ వాల్వు కట్టకుండా, వెల్లుల్లేమో అనుకుని పోపు వేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

లైన్ వేసిన ఫిట్టర్‌ని పిలిపించాను. అరగంటలో వచ్చాడు. పేరు ఖాసిం, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మనిషిని చీల్చి చెండాడాలన్నంత కోపంతో ఉన్నాను. అతను మాత్రం నన్ను చూసి మొహం ఇంత చేసుకుని చెయ్యి పైకెత్తాడు.

"నమస్తే సార్! బాగున్నారా? గుర్తుపట్టారా? నన్ను పాస్ చేసింది మీరేగా!"

రాజ్యలక్ష్మి గారు అతన్ని చూశారు, నన్ను చూశారు.

"అయితే ఇద్దరూ కలిసే వెలగబెట్టారన్నమాట," అన్నారు.

చెంప మీద కొట్టినట్టయింది. అతన్ని నేను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి అతని పని ఎప్పుడైనా చూస్తేగా!

వాల్వు కట్టి ఆ జాయింట్ విప్పించాను. పైపు చివర మర మీద కాంట్రాక్టర్ ఇచ్చిన టేపు ఉంది. దాని కింద నూలు దారం, దారం మీద పెయింటు. నీళ్ళ పైపు అయితే అది మంచి పనే. నీళ్ళు తగిలి దారం ఉబ్బుతుంది, జాయింట్ బిగుస్తుంది. మా పక్క నూలు మిల్లులకి కొదవ లేదు, ఏ ప్లంబర్ సంచీలో చూసినా ఒక దారం ఉండ ఉంటుంది. గ్యాస్‌లో తడి ఉండదు, దారం ఉబ్బదు. పెయింటు పచ్చిగా ఉన్న రోజు ప్రెషర్ టెస్ట్ పెడితే, అంటే పైపులో గాలి నింపి గేజ్ ముల్లు పడిపోతుందేమో చూస్తే, ముల్లు కదలదు. నెల తిరిగేసరికి పెయింటు ఎండి పగులుతుంది, దారం లోపలినుంచి గ్యాస్ దారి చేసుకుంటుంది.

"ఇదేం పనయ్యా? గ్యాస్ పైపుకి దారం ఎవరు చుట్టమన్నారు?"

"టేపు ఒక్కటే అయితే గట్టిగా ఉండదేమోనని సార్. నీళ్ళ పైపులకి పదేళ్ళ నుంచి ఇట్టాగే చుడుతున్నా. నా చేతి జాయింటు ఒక్క చుక్క కారలేదు."

"కోర్సులో చెప్పలేదా?"

"గ్యాస్ మంచిది, పొగ రాదు అని టీవీలో బొమ్మలు చూపించారు సార్. జాయింటు ఎవరూ వేయించలా." తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఆ రోజు మీరు కూడా అడగలా."

నిజమే, అడగలేదు. ఆ రోజు సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. అది ముందే పని వచ్చినవాళ్ళకి పెట్టే మూడు రోజుల కోర్సు. ముప్ఫై మంది. ఒక్కొక్కళ్ళూ పైపు కోసి, మర వేసి, జాయింట్ బిగించి, టెస్ట్ చేసి చూపించాలి. సెంటర్‌లో ఉన్నది పైపుని బిగించి పట్టే వైస్ ఒకే ఒక్కటి. గేజ్ అట్టపెట్టెలో, అంటించిన టేపు కూడా ఊడకుండా ఉంది. సెంటర్ కోఆర్డినేటర్ నా పక్కన చేరి, "రిజల్ట్ ఎక్కించే పోర్టల్ అయిదింటికి మూసేస్తారు సార్. ఒక్కొక్కడికి అరగంట అంటే ఎల్లుండిదాకా ఇక్కడే ఉంటాం. అందరూ పని చేసుకునేవాళ్ళే, కొత్తవాళ్ళు కాదు. రెంచి పట్టించి ఫొటోలు తీసేద్దాం," అన్నాడు. నేను మొహమాటపడ్డాను. మొహమాటం అని ఇప్పుడు అంటున్నాను గానీ, అది బద్ధకం. ఒకే రెంచి ముప్ఫై చేతులు మారింది. భోజనాల వేళకి ముప్ఫై సంతకాలూ అయిపోయాయి.

ఖాసింని అడిగాను. "ఇలాంటివి ఎన్ని ఇళ్ళల్లో వేశావు?"

అతని మొహంలో రంగు మారింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ఈ ఇంటితో కలిపి పదకొండు సార్. నా బిడ్డల మీద ఒట్టు, తెలిసి చేయలా. పదండి, ఇప్పుడే పోదాం."

ముందు మిగతా పది ఇళ్ళకీ వెళ్ళి వాల్వులు కట్టేశాం. తర్వాత ఒక్కో ఇల్లే పట్టుకుని మూడు రోజులు పని చేశాం. మొదటి నాలుగిళ్ళల్లో జాయింట్లు నేను వేశాను, అతను చూశాడు. తర్వాత మూడిళ్ళల్లో అతను వేశాడు, నేను తప్పులు పట్టాను. ఒకచోట ముల్లు వెంట్రుకవాసి కదిలిందని అంతా విప్పి మళ్ళీ వేయించాను, కిక్కురుమనలేదు. చివరి నాలుగిళ్ళల్లో నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. వాటిలో ఒక్క జాయింట్‌కి కూడా నేను వంక పెట్టలేకపోయాను. ఆ కోర్సులో జరగాల్సిన పరీక్ష జనం వంటిళ్ళల్లో జరిగింది.

నాలుగో రోజు సెంటర్‌కి వెళ్ళాను. ఆ బ్యాచ్ ముప్ఫై మందికీ మళ్ళీ పరీక్ష పెట్టాలన్నాను. కోఆర్డినేటర్ కుర్చీలోంచి లేవలేదు.

"తప్పు ఫిట్టర్‌ది. మధ్యలో సెంటర్ ఏం చేసింది సార్? పని వచ్చని సంతకం పెట్టింది మీరు."

"ఆ గేజ్ పెట్టె తెరిచారా ఇప్పటికైనా?"

"మీరు ఆవేశపడుతున్నారు. టీ తాగుతారా?"

టీ తాగలేదు. ఆ సాయంత్రమే, సెంటర్లకి బ్యాచ్‌లు ఇచ్చే పైవాళ్ళకి రిపోర్టు రాశాను. పరీక్ష జరగలేదని, చూడకుండా సంతకం పెట్టింది నేనేనని, నన్ను ఏం చేసినా సరేగానీ మిగతా ఇరవై తొమ్మిది మంది పని తనిఖీ చేయండని రాశాను. ఉదాహరణకి రాజ్యలక్ష్మి గారింటి సంగతి, ఖాసిం పేరు, ఆ పదకొండు ఇళ్ళూ అతను నాతో కలిసి ఎలా సరిచేశాడో అన్నీ వివరంగా రాశాను.

రెండు నెలలకి జవాబు వచ్చింది. నన్ను అసెసర్ల జాబితాలోంచి తీసేశారు. అది న్యాయమే. ఖాసిం కార్డు రద్దు చేశారు. ఇరవై తొమ్మిది మంది ఊసు లేదు. సెంటర్ ఊసు అసలే లేదు. దానికి కొత్త బ్యాచ్ కూడా ఇచ్చారని తర్వాత తెలిసింది. తప్పు దాచుకున్నవాళ్ళంతా క్షేమంగా ఉన్నారు, ఒప్పుకుని మూడు రోజులు ఎండలో తిరిగి దిద్దినవాడి నోటి దగ్గర కూడు పోయింది. దాన్ని తీసింది కూడా నా రిపోర్టే. మంటగా ఉండదా మరి?

ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్ళు కోర్సుల గురించి నన్ను అడుగుతుంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. సెంటర్‌కి వెళ్ళి, మీరు కట్టే ఫీజు దేనికో అడగండి. మీ చేత ఎన్ని జాయింట్లు వేయిస్తారో, ఎన్ని విప్పిస్తారో అడగండి. చెప్పకపోతే లేచి వచ్చేయండి. ఇక అసెసర్లకి చెప్పేది: మీరు సంతకం పెట్టేది కాగితం మీద కాదు, ఎవరో ఒకావిడ పొయ్యి వెలిగించుకునే వంటింట్లో.

ఖాసిం మొన్న బజార్లో కనిపించాడు. మళ్ళీ నీళ్ళ పైపులే వేసుకుంటున్నాడు. నా మీద కోపం ఉంటుందనుకున్నాను, లేదు. అదే ఎక్కువ బాధ.

"కొత్తగా కార్డు కావాలంటే మళ్ళీ కోర్సు చేయమంటున్నారు సార్. మన పక్క ఉన్నది ఆ సెంటర్ ఒక్కటేనంట. మళ్ళీ అక్కడికే పోనా?"

నాకు తెలిసిన మంచి గ్యాస్ ఫిట్టర్లలో అతనొకడు. అతనికి పని వచ్చని రాసిచ్చే హక్కు నాకు లేదు. ఆ హక్కు ఉన్నది వాళ్ళకే.

"పో," అన్నాను. అలా అన్నందుకు నా మీద నాకు ఇంకా కోపంగానే ఉంది.