షాపులో మోగిన నాయన పాట

ఖమ్మం ఖానాపురం హవేలి ఏరియాలో కిరాయి గదిలో ఒక్కణ్నే ఉంటాను. కొత్త లాప్‌టాప్ కొన్న రోజు పాతదాంట్లోని యాప్‌లు, పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాన్ని సెకండ్‌హ్యాండ్ షాపులో ఇచ్చేశాను. గదికొచ్చి చూస్తే ఒక్క పాటా మోగలేదు. ఇంజనీరింగ్ చదివిన నేను కాపీ చేసింది పాటలను కాదు, స్క్రీన్ మీది షార్ట్‌కట్ బొమ్మలను.

మిగతావి పోతే పోయాయి. సారపాక పేపరు మిల్లులో వెదురు లారీలు దింపే మా నాయన ఒకసారి కూనిరాగం తీస్తుంటే, ఆటపట్టిద్దామని రికార్డు చేశాను. తర్వాత ఆయన పోయిండు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

షాపుకు ఉరికాను.

"జర లేటయితే ఫార్మాట్ కొట్టేస్తుంటి తమ్మీ," అన్నాడు షాపాయన. ఫైలు దొరికింది. అదేనా కాదా అని పెద్ద స్పీకర్లకు కలిపి మోగించాడు.

"గిదేం పాట? తప్పిపోయిన బర్రెను పిలుస్తున్నట్టుంది!"

షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాయన శ్రుతి మీద నాకేం అపోహల్లేవు.

పాట ఆగింది. స్పీకర్లలోంచి నాయన, "తిన్నవా రా?" అని అడిగిండు.

"అవ్ నాయనా," అన్నాను, అందరి ముందూ, గట్టిగానే.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నిజానికి ఆ రోజు పొద్దుటి నుంచి నేనేం తినలేదు. అందుకే ఇప్పుడు గదిలో అన్నం తిన్నాకే ఆ ఫైలు పెట్టుకుంటాను.