బావ పన్ను, వంటాయన తప్పు

పళ్లు తోముకున్నప్పుడల్లా చిగుళ్ల నుంచి నెత్తురొస్తోందని అమ్మ అంటే, ఆమెను ఇబ్రహీంపట్నంలోని పళ్ల డాక్టరు దగ్గరికి బయలుదేరదీశాను. మా అక్క మొగుడు అడ్డుపడ్డాడు. "క్లీనింగ్ చేపిస్తే పండ్లు లూజైతయ్ అత్తా! నాకు గూడ నెత్తురొస్తది, నేను పోయిన్నా?" అల్లుడి మాట కాదనలేక అమ్మ ఆగిపోయింది.

ఆ వారమే ఒక పెళ్లి దావత్‌లో బావ దర్జాగా మటన్ ఎముక కొరికాడు. ముందు పన్ను ఊడి ఎముకతోపాటే చేతిలోకొచ్చింది. బంతిలో కూర్చున్నవాళ్లంతా చూస్తుంటే వంటాయన మీద ఎగిరాడు. "మటన్ ఉడకనే ఉడకలే!"

"మెత్తగనే ఉంది బిడ్డా, నేను చిగుర్లతోనే నమిలిన" అంది పక్కనున్న బోసినోటి ముసలమ్మ.

మర్నాడు అమ్మే ముందు చెప్పులేసుకుంది. డాక్టరు పళ్లకు పట్టిన గార తీశాక నెత్తురు ఆగింది, పళ్లన్నీ గట్టిగా ఉన్నాయి. బావ సలహాలు మాత్రం ఆగలేదు. ఇప్పుడవి పన్ను పోయిన సందులోంచి ఈల వేస్తూ వస్తున్నాయి.