తగలదు అన్నాను

ఆ చప్పుడు నా చెవికి వినపడక ముందే నడుముకు తెలిసింది. సీటు కింద, ఎడమవైపు, ఏదో సన్నగా గీరుకుంటున్నట్టు. ఆ వెంటనే గర్రుమన్న శబ్దం. స్పీడ్ బ్రేకర్ దిగగానే ఆగిపోయింది. తర్వాత రబ్బరు కాలిన వాసన, అగ్గిపుల్ల గీసి ఆర్పేసినంత కొంచెమే. నా పక్కన కూర్చున్న నాలుగేళ్ళ కూతురు "అమ్మా, బండి గురక పెడుతోంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ కారులో ఆ చప్పుడేమిటో తెలిసింది నాకొక్కదానికే. అయిదేళ్ళుగా మోస్తున్న బరువు అదే. నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు. పొరపాటని కూడా అనలేను. తెలుసు.

ఇది చదువుతున్న మీరు నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పిల్లలు పడుకున్నాక వంటింటి గట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

ఆ కారు మా మరిదిది. అతని పేరు రాయను. సికింద్రాబాద్‌లో మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, కింద అత్తమామలు, పైన మేము, మేడ మీది గదిలో అతను. ఒక పాత చిన్న కారు కొని, దాని స్ప్రింగులు మార్పించి, బండిని బాగా కిందికి దించాడు. మొదటిరోజు దాన్ని చూసి అత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందిరా, గిట్ల కిందికి కూసున్నది? అలిగిందా?"

"అలుగుడు కాదమ్మా, స్టైల్."

"ఏం స్టైలో ఏమో! దీన్ల కూసోవాల్నా, పండుకోవాల్నా?"

ఇక మిగిలింది చక్రాలు. దించిన బండికి మామూలు చక్రాలు ఉంటే లోపలికి పీక్కుపోయిన బుగ్గల్లా కనిపిస్తాయి. మంచి అల్లాయ్ చక్రాలు వేసి, అవి పైన ఉండే బాడీ రేకు అంచుకు సరిగ్గా సమానంగా వచ్చేలా కూర్చోబెడితేనే దానికి అందం. అది ఆఫ్‌సెట్ మీద ఆధారపడుతుంది. చక్రం లోపలికి ఎంత కూర్చుంటుందో, బయటికి ఎంత వస్తుందో చెప్పే అంకె అది. అంకె పెద్దదైతే చక్రం లోపలికి పోతుంది, చిన్నదైతే బయటికి వస్తుంది. బయటికి వచ్చేకొద్దీ అందం. బయటికి వచ్చేకొద్దీ ప్రమాదం కూడా. ఎందుకంటే బరువు పడ్డప్పుడు బండి ఇంకా కిందికి దిగుతుంది, అప్పుడు రేకు లోపలి మడత టైరు భుజాన్ని, అంటే దాని పక్క అంచును, తాకుతుంది. ఒకసారి తాకితే ఏమీ కాదు. తాకుతూనే ఉంటే అది రేకు కాదు, కత్తి.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. మా బ్యాచ్‌లో ఆడపిల్లలం ముగ్గురమే. కాలేజీలో పాత కారును విప్పి మళ్ళీ బిగించిన గుంపులో నేనూ ఉన్నాను. పెళ్ళయ్యాక ఏడాది ఉద్యోగం చేశాను. పాప పుట్టింది. తర్వాత బాబు. గోదావరి వైపు నుంచి వచ్చి కాప్రాలో స్థిరపడ్డ మా అమ్మానాన్నలు "పిల్లలు కాస్త ఎదగనీ" అన్నారు. ఇక్కడా అదే మాట. ఈ ఇంట్లో "ఇంజనీర్ కోడలు" అనేది మిక్సీ పాడైనప్పుడు వాడే మాట అయిపోయింది.

కాబట్టి మరిది ఫోన్లో చక్రాల ఫొటోలు పట్టుకుని "వదినా, జెర నువ్వు చూసి చెప్పు, నాకు సమజైతలేదు" అని వచ్చినప్పుడు నాలో ఏదో లేచి కూర్చుంది. ఎన్నాళ్ళకో ఒకరు నన్ను నాకు వచ్చిన విషయం అడిగారు. పిల్లాడి జ్వరం గురించి కాదు, పప్పులో ఉప్పు గురించి కాదు. నేను కాగితం తీసి బొమ్మ గీసి చెప్పాను. అతను కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. ఆ సంతోషాన్ని ఇప్పటికీ తప్పుపట్టలేను. దాని తర్వాత చేసిందాన్నే.

రెజిమెంటల్ బజార్ దగ్గర ఒక షాపుకు వెళ్ళాం. ఒకే డిజైన్‌లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి నలభై అయిదు ఆఫ్‌సెట్, ఇంకొకటి ముప్ఫై. మొదటిది లోపలికి, భద్రంగా. రెండోది వేలెడు బయటికి. ముప్ఫైవి బిగించి బండిని కిందికి దించారు. ఎంత బాగుందో చెప్పలేను. షాపులో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఎవరో "సెలెక్షన్ ఎవరిది భయ్యా?" అంటే మరిది నన్ను చూపించి "మా వదిన. ఇంజనీర్" అన్నాడు.

నేను టైరుకూ రేకుకూ మధ్య వేలు పెట్టి చూశాను. ఒక వేలు పట్టింది. రెండోది పట్టలేదు. బండి ఖాళీగా ఉంది.

అప్పుడు చేయవలసింది నాకు తెలుసు. వెనక సీట్లో నలుగురిని కూర్చోబెట్టి మళ్ళీ వేలు పెట్టి చూడాలి. అంతే. చుట్టూ మనుషులున్నారు. "అన్నా, జరసేపు ఎక్కండి" అంటే నవ్వుతూ ఎక్కేవాళ్ళే. లేదా రేకు లోపలి మడతను అణిచి చదును చేయమని చెప్పాలి. నేను ఏదీ అనలేదు. ఎందుకు? కూర్చోబెడితే తగులుతుందని లోపల ఎక్కడో తెలుసు కాబట్టి. తగిలితే అందరి ముందు "కాదు, నలభై అయిదువే వేయండి" అనాలి. అప్పటికే నా సెలెక్షన్ అని పేరు వచ్చేసింది.

మనవాళ్ళకు ఒక అలవాటుంది. బండి కొనేటప్పుడు ఖాళీగా చూస్తాం. వాడేటప్పుడు ఊరంతా ఎక్కుతాం. అయిదుగురి బండిలో ఏడుగురం, ఒళ్ళో పిల్లలు, డిక్కీలో బియ్యం సంచి. ఆ సంగతి ఆ ఇంటి కోడలికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

మరిది చివరిసారి అడిగాడు. కీ చేతిలో తిప్పుతూ.

"మంచిగున్నయ్. కానీ తగలదు కదా వదినా?"

"తగలదు."

ఒక్క మాట. అతను ఇంకోసారి అడగలేదు. నా మాట మీద అంత నమ్మకం.

బోనాలప్పుడు బొల్లారంలో ఉన్న అత్తమ్మ చెల్లెలి ఇంటికి బయలుదేరాం. మామయ్య స్కూటర్ మీద ముందే వెళ్ళాడు. కారులో ముందు మరిది, పక్కన మా ఆయన. వెనక కుడివైపు అత్తమ్మ, ఒళ్ళో బోనం కుండ. మధ్యలో మా పాప. ఎడమ చక్రం పైన నేను, నా ఒళ్ళో ఏడాది కూడా నిండని బాబు. డిక్కీ నిండా గిన్నెలు, బియ్యం. బండి అంత కిందికి దిగడం అదే మొదటిసారి.

ఆ చప్పుడు అప్పుడే విన్నాను.

మరిది అద్దంలోంచి నన్నే చూసి "వదినా, అదేం సప్పుడు?" అన్నాడు. నన్నే అడిగాడు చూడండి. నేను "రోడ్డు" అన్నాను. ఎందుకంటే ఆ క్షణానికి కొంచెం ముందే అత్తమ్మ ఫోన్లో చెల్లెలితో "మా కోడలే ఏరింది చక్రాలు, వచ్చి చూడు, మస్తున్నయ్" అంది. నా గురించి ఆమె అలా గొప్పగా చెప్పడం నేను అంతకుముందు వినలేదు.

అక్కడ దిగాక అందరూ లోపలికి వెళ్ళేదాకా ఆగి, వంగి చూశాను. టైరు భుజం మీద చుట్టూ నున్నగా మెరిసే గీత. రేకు లోపల నల్లటి రబ్బరు పొడి. పిల్లాడి కోసం తెచ్చిన తడి తువ్వాలుతో ఆ పొడి తుడిచేశాను. తుడిచేశాను. ఈ మాట రాయడానికే ఈ రాత్రంతా పట్టింది. తగలదు అనడం గర్వం అనుకుందాం. రోడ్డు అనడం బెదురు అనుకుందాం. తుడవడానికి ఏం పేరు పెట్టాలి? నా ఇద్దరు పిల్లలూ మళ్ళీ అదే బండి ఎక్కబోతున్నారని తెలిసి తుడిచాను. సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు మెల్లగా పొమ్మని చెబితే చాలనుకున్నాను. రేపు పొద్దున అతనితో విడిగా మాట్లాడతాను అనుకున్నాను.

మెల్లగానే పోయాడు. నేను చెప్పకుండానే. బోనం ప్రసాదం ఉంది బండిలో, కుదుపు రానీయకూడదని నలభై దాటకుండా నడిపాడు. బొల్లారం దాటాక ఒక గుంతలో చక్రం పడింది. రేకు అంచు దిగి ఎడమవైపు వెనక టైరు పేలింది. బండి అడ్డంగా తిరిగి కుడివైపు డివైడర్‌ను గుద్దింది. అత్తమ్మ వైపు.

పిల్లలకు ఏమీ కాలేదు. అత్తమ్మకు తుంటి విరిగింది. ఆపరేషన్ జరిగింది. ఇప్పటికీ మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది.

మా ఆయన ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు. అత్తమ్మ కునుకు తీస్తోంది. బండి ఎంత వేగంలో ఉందో చూసింది నేను, నా కూతురు. ఆస్పత్రిలో మామయ్య "ఎంత స్పీడ్ ఉన్నవ్‌రా?" అని మరిదిని నిలదీస్తే అతను "స్పీడ్ లేను నాన్నా, ఒట్టు" అన్నాడు. కుర్రాడు, కిందికి దించిన బండి, పెద్ద చక్రాలు. ఎవరు నమ్ముతారు?

మర్నాడు పొద్దున పాప నన్ను అడిగింది, బాబాయ్ ఎందుకు గుద్దాడని. పాలు కలుపుతూ "ఫాస్ట్‌గా నడిపాడమ్మా, అందుకు" అన్నాను. ఆ పిల్ల నేరుగా కిందికి వెళ్ళి తాతయ్యకు చెప్పింది. "బాబాయ్ ఫాస్ట్ పోయిండు." నాలుగేళ్ళ పిల్ల అబద్ధం ఆడదు కదా. అంతటితో విచారణ అయిపోయింది. నేను మేడ మెట్ల మీద నిలబడి ఆ మాట విన్నాను. కిందికి దిగలేదు.

బండిని తుక్కు కింద ఇచ్చేశారు, టైరుతో సహా. కార్లకు ఇలాంటి మార్పులు చేసే షాపు పెట్టాలని అతనికి ఎప్పటినుంచో ఉన్న ఆలోచనను మామయ్య ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఇప్పుడు ఏదో ఆఫీసులో పని చేస్తున్నాడు. నెలల తర్వాత ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు. "వదినా, నేను నిజంగనే స్పీడ్ ఉన్ననా? అందరు అంటుంటే నాకే డౌట్ వస్తున్నది. నువ్వు సూసినవ్ కదా."

నేను "సరిగ్గా గుర్తులేదు" అన్నాను.

అతనికి తెలుసా? తెలిసే, నా నోటి నుంచి వినాలని వచ్చాడా? అయిదేళ్ళుగా ఆ ప్రశ్నను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. తెలిసి ఊరుకున్నాడంటే అతని మంచితనం నన్ను కాల్చేస్తుంది. తెలియదంటే, చేయని తప్పును నిజమని నమ్ముతూ బతుకుతున్నాడు. ఏది మేలో నాకు అర్థం కాదు.

ఒకటి మాత్రం తెలుసు. అప్పటినుంచి నా పిల్లలు బండి ఎక్కితే నాకు నిద్ర పట్టదు. స్కూలు వ్యాను రాగానే వంగి టైర్లు చూస్తాను. డ్రైవర్ నవ్వుతాడు. జాగ్రత్త గల తల్లి అంటారు అందరూ. ఆ మాట విన్నప్పుడల్లా ఆ తడి తువ్వాలు గుర్తొస్తుంది.

మరి ఇన్నేళ్ళు దాచి ఇప్పుడెందుకు రాస్తున్నాను? నిన్న మరిది కారు కొనుక్కుని వచ్చాడు. మామూలు కారు, కంపెనీ చక్రాలతోనే. పిల్లల్ని కాప్రా చెరువు దాకా తిప్పుకొస్తానన్నాడు. చిన్నోడు చెప్పులు వేసుకున్నాడు. తొమ్మిదేళ్ళ నా కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేను రాను బాబాయ్. నువ్వు ఫాస్ట్ నడుపుతావ్. నాకు గుర్తుంది. అన్నీ ఝుయ్‌మని వెనక్కి పోయాయి. నానమ్మ మెల్లగా పొమ్మంటోంది, అయినా నువ్వు వినలేదు."

నిద్రపోతున్న నానమ్మ ఏమీ అనలేదు. ఏవీ ఝుయ్‌మని పోలేదు. నేను అన్న ఒక్క మాట చుట్టూ ఆ పిల్ల అయిదేళ్ళలో ఒక ప్రయాణాన్నే కట్టుకుంది. అందులో కూర్చుని భయపడుతోంది. అతను నవ్వి "నిజమే బంగారం, నేనప్పుడు గట్లనే ఉండె" అని కీ జేబులో వేసుకున్నాడు. చిన్నోడి చెప్పులు అతనే విప్పాడు.

అంతవరకు రాత్రి రాశాను. ఈ నాలుగు ముక్కలు తెల్లారాక, పిల్లలు స్కూలుకు వెళ్ళాక రాస్తున్నాను.

పొద్దున పాపకు జడ వేస్తున్నాను. చిన్నోడు ఎదురుగా ఇడ్లీ తింటున్నాడు. ముఖం కనిపించకుండా ఉంటేనే చెప్పగలనని, జడ సగంలో మొదలుపెట్టాను. ఆ రోజు బాబాయ్ మెల్లగానే నడిపాడని చెప్పాను. చక్రాలు ఎంచింది నేనని, అవి తగులుతాయని తెలిసీ తగలవన్నానని, చప్పుడు విని కూడా చెప్పలేదని, తుడిచేశానని చెప్పాను. ఫాస్ట్ అన్నది నా అబద్ధం అని చెప్పాను.

చిన్నోడు తినడం ఆపాడు. పాప తల తిప్పబోయింది. జడ నా చేతిలో ఉండడంతో తిప్పలేకపోయింది.

"కానీ నాకు గుర్తుంది కదా అమ్మా."

"నీకు గుర్తున్నది నా మాట, తల్లీ. నువ్వు చూసింది కాదు."

రిబ్బను కట్టేశాను. పాప లేచి, దూరంగా వెళ్ళి నిలబడి నన్ను చూసింది. అలా నన్నెప్పుడూ చూడలేదు. నేను ఆ చూపును తప్పించుకోలేదు. ఛాతీ మీంచి ఆ బరువు ఒక పక్కకు జరిగినట్టు ఊపిరి ఆడింది. దిగలేదు, జరిగింది.

"నేనే కదా తాతయ్యకు చెప్పింది" అంది, ఏడుపు గొంతుతో. "మళ్ళీ పోయి చెప్పాలా?"

"వద్దమ్మా" అన్నాను. "సాయంత్రం బాబాయ్ వస్తాడు. నానమ్మ, తాతయ్య, నాన్న అందరూ ఉంటారు. నువ్వేం చెప్పక్కర్లేదు. ఈసారి నేనే చెబుతాను."