పల్లె కళ్ళ లోతు చూసిన రూతమ్మ

రూతమ్మ గారు ఇక లేరు. నందవరం క్యాంపుకు బయలుదేరడానికి ఎమ్మిగనూరులోని మా కంటి కేంద్రంలో ఆమె కోసం ఎదురుచూస్తుండగా ఆ కబురు వచ్చింది. గుండెపోటట. విన్న మాటను నమ్మడానికి మనసు నిరాకరించింది.

కూలి కుటుంబంలో పుట్టి, స్వయంకృషితో కంటి పరీక్షకురాలైన ఆమె నాకు విద్య నేర్పిన గురువు. చేతిలో ఇమిడే రెటీనా కెమెరా మా కేంద్రానికి వచ్చిన నాటి నుండి దాన్ని సంచిలో పెట్టుకుని బస్సుల్లో, ఆటోల్లో పల్లెపల్లెకూ తిరిగారు. షుగరు రోగుల కంటి వెనుక పొరను ఫోటో తీసి, ఆదోనిలోని డాక్టరుకు పంపేవారు. "బెదరొద్దప్పా, లోపలుండే వెలుగు సూడు, అంతే" అన్న ఆమె మాటకు ఎంతటి భయస్థుడైనా కుదురుగా కూర్చునేవాడు.

ఒకసారి హనుమక్క అనే పత్తి కూలీ కంటి ఫోటోలో నెత్తుటి మరకలు కనిపించాయి. వెంటనే లేజర్ చికిత్స చేయాలన్నారు డాక్టరు.

"నొప్పే లేదు కదక్కా, బాగనే కనపడతాంది. పత్తి తీసేది అయిపోనీ, వస్తాను" అంది హనుమక్క.

రూతమ్మ గారు ఆదోనికి వెళ్ళమని చీటీ రాసిచ్చి వచ్చేశారు. రెండు నెలల తరువాత మేము వెళ్ళేసరికి హనుమక్క గోడ తడుముకుంటూ వాకిట్లోకి వచ్చి, "ఎవరొచ్చినారు?" అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో రూతమ్మ గారు అన్నారు: "నేను ముందే సూసినానప్పా. సూసి, కాగితం ఇచ్చి వచ్చేసినాను."

ఆ తరువాత ఆమె ఎవరినీ కాగితానికి వదిలిపెట్టలేదు. రోగి బయలుదేరే దాకా ఇంట్లోనే కూర్చునేవారు. ఆదోని దాకా వెంట వెళ్ళేవారు. ఒక పెద్దాయన "నా కన్ను నా ఇష్టం, నీకేమమ్మా?" అని కసిరితే, "నీ కన్నేలేన్నా. అది పోతే నీ పెండ్లాం ఎన్నాళ్ళు చేయి పట్టుకోని తిప్పుతాది?" అన్నారు. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. అయినా అలా వచ్చినవారు కొందరే. ఆలస్యంగా వచ్చినవారికి పోయిన చూపు తిరిగి రాలేదు. ఆ దుఃఖాన్ని ఆమె ఒంటరిగా మోశారు.

ఆమె పోయాక, గత వారం నేనొక్కడినే నందవరం వెళ్ళాను. నేను పంపిన ఫోటోలు చూసి, ముగ్గురిని వెంటనే తీసుకురమ్మన్నారు డాక్టరు. ఇంటింటికీ వెళ్ళి బతిమాలాను.

"రూతక్క వచ్చింటే పోతాంటిమి. ఇంగ ఎవురితో పోయేదప్పా?" అంది ఒక తల్లి.

అమ్మా, మీ విద్య నా చేతికి అబ్బింది. మీ మాట నా నోటికి అబ్బలేదు. మీ పాదాలకు నమస్కరించడానికి కూడా సిగ్గుగా ఉంది. ఆ ముగ్గురిలో ఒక్కరూ రాలేదు.