సహాబాల ముచ్చట మా మాటల్లో

మా బాపు పరుపులు కుట్టేవాడు. కేసముద్రంలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. ఏకుడు మిషన్లు రాకముందు, పైన దూలానికి పెద్ద విల్లు వేలాడదీసి, దాని తాడును కర్రతో కొడుతూ దూది ఏకేవాడు. బడి లేని రోజు నేను ఆ దూది కుప్ప పక్కనే కూర్చునేదాన్ని. బాపు చేతులు పని చేస్తుంటే నోరు ముచ్చట్లు చెప్పేది. అవన్నీ సహాబాల ముచ్చట్లు.

ప్రవక్తను కళ్ళారా చూసి, ఆయన మాట నమ్మి, ఆయన వెంట నడిచిన మొదటి తరం ముస్లింలను సహాబాలంటారు. మేమూ ముస్లింలమే, కానీ మా ఇంటి భాష తెలుగు. మా అవ్వ లాలి పాడింది తెలుగులో, కోపం వస్తే తిట్టింది తెలుగులో. నమాజులో చదివే సూరాలు అరబీలో నేర్చుకున్నాం. ఉర్దూ మాకు బజార్లో వినబడినంతే వచ్చేది. మిగిలిన దీన్, అంటే మా మతం మాటలన్నీ, నాకు బాపు తెలుగులోనే అందాయి.

ముచ్చట చెబుతూ చెబుతూ ఒక సహాబీ పేరు దగ్గరికి వచ్చేసరికి బాపు విల్లు ఆపేసేవాడు. ఇంకా వణుకుతున్న తాడును అరచేత్తో పట్టుకునేవాడు. జుట్టు మీది దూది దులుపుకుని, భుజం మీది తువ్వాల తలకు చుట్టుకుని, అప్పుడు పేరు పలికేవాడు. పేరు వెంటనే, "అల్లా ఆయనకు రాజీ అయ్యిండు" అనేవాడు. ఆ తర్వాతే మళ్ళీ తాడు మోగేది. పరుపు కోసం వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి తొందర చేస్తున్నా ఈ పద్ధతి మారేది కాదు.

పెళ్లయ్యాక నేను భూపాలపల్లి వచ్చాను. నా భర్తకు చెల్పూర్ పవర్ ప్లాంటులో ఉద్యోగం. మా వీధిలోనే ఒక పెద్దావిడ ఉండేది. ఉర్దూ మీడియం బడిలో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరైంది. అందరం ఆమెను పెద్దాపా అనేవాళ్ళం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత ఆమె ఇంట్లో ఆడవాళ్ళ ఇజ్తెమా, అంటే దీన్ మాటలు వినే సభ, జరిగేది. ఆమె చాప మీద కూర్చుని సహాబాల జీవితాలు ఉర్దూలో చదివి వినిపించేది. మంచి గొంతు. చదువుతూ చదువుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకునేది.

రేగొండ వైపు ఊళ్ళ నుంచి కూడా కొందరు ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చేవారు. వాళ్ళూ మాలాగే తెలుగు మాట్లాడే ముస్లింలు. వారమంతా పత్తి ఏరడానికో, నాట్లకో పోయి, ఆ ఒక్కరోజు పని మానుకుని వచ్చేవారు. కొంగు నిండుగా కప్పుకుని, ఎక్కడా కదలకుండా, చివరి వరుసలో కూర్చునేవారు. ఒక ఆదివారం రేగొండకు పోయే ఆటో దాకా వాళ్ళను సాగనంపడానికి వెళ్ళాను. వాళ్ళలో నాకంటే చిన్నది ఒకామె నన్ను అడిగింది.

"అక్కా, పెద్దాపా ఇయ్యాల ఏడ్చింది గదా. ఎందుకేడ్చింది?"

నేను నడక ఆపి ఆమె ముఖం చూశాను. ఎగతాళి కాదు. ఆమెకు నిజంగా తెలియదు. ఎన్నో ఆదివారాలు వచ్చి కూర్చుని, ఏమీ అర్థం కాకుండానే లేచి పోయింది.

ఆటో నిండేదాకా టైముంది. అక్కడే ఒక చెట్టు నీడన నిలబడి, పెద్దాపా చదివింది చెప్పాను. నమాజుకు మొట్టమొదటి అజాన్ పిలిచిన సహాబీ ముచ్చట అది. ఆయన మక్కాలో ఒక ధనవంతుడికి బానిస. నల్లటి మనిషి. అల్లా ఒక్కడే అన్నందుకు యజమాని ఆయనను మండుటెండలో కాలే ఇసుక మీద పడుకోబెట్టి, ఛాతీ మీద బండ పెట్టించాడు. ఊపిరాడకపోయినా ఆయన "అహద్, అహద్" అన్నాడు. ఒక్కడే, ఒక్కడే అని. చెప్పడం అయ్యాక, అలవాటు కొద్దీ, "అల్లా ఆయనకు రాజీ అయ్యిండు" అన్నాను.

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "రాజీ అయ్యిండా? అంతకుముందు వాళ్ళిద్దరికి కొట్లాట ఉండెనా అక్కా?"

నవ్వాపుకోలేకపోయాను. చిన్నప్పుడు నేనూ ఇదే అడిగాను బాపును. "గా రాజీ కాదే. ఆయన మీద అల్లా సంతోషపడ్డడు అని" అన్నాను. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "గిప్పుడు తెలిసింది. ఎండల పత్తి ఏరేటోళ్ళకు ఇసుక కాలుడు తెల్వదా అక్కా" అని ఆటో ఎక్కింది.

తర్వాతి వారం నుంచి ఇజ్తెమా కాగానే వాళ్ళంతా మా ఇంటికి వచ్చేవారు. నేను చాయ్ పెట్టి, పెద్దాపా చదివిందే తెలుగులో చెప్పేదాన్ని. బాపు నోట విన్నవి కూడా కలిపేదాన్ని. వచ్చేవాళ్ళు పెరిగారు. ముందు గదిలో చోటు చాలక వాకిట్లో చాపలు వేశాం. వాకిట్లో వేసేసరికి పక్కింటి హిందూ అక్క గోడ మీద చేతులు పెట్టుకుని వినేది.

ఒకరోజు పెద్దాపా వచ్చింది. ఎవరో చెప్పారట. గుమ్మం దగ్గరే నిలబడి కాసేపు విన్నది. అందరూ వెళ్ళాక నన్ను పిలిచింది. ఆమెకు తెలుగు వస్తుంది, కానీ తడబడుతూ వస్తుంది.

"బేటీ, సహాబాను పట్టుకొని ‘వచ్చిండు, పోయిండు, ఏడ్చిండు’ అంటవా? బాజు గల్లీ పిలగాడా వాళ్ళు? బేఅదబీ గాదా?"

బేఅదబీ అంటే అమర్యాద. బాపు తువ్వాల తలకు చుట్టుకుని పలికిన ఆ మాటలు అమర్యాద ఎలా అయ్యాయో నాకు అర్థం కాలేదు. అలాగని ఆమె మాట తీసిపారేయలేను. ఆమెకు వాళ్ళంటే ప్రాణం.

మరుసటి ఆదివారం పుస్తకాల తెలుగులో మొదలుపెట్టాను. "వారు వచ్చారు, వారు పలికారు" అని. వాకిలి అంతా చల్లబడిపోయింది. కాసేపటికి ఆ రేగొండామె మెల్లగా అన్నది.

"అక్కా, టీవీల వార్తలు చదివినట్టున్నది. గట్ల చెప్తే వాళ్ళు మనోళ్ళనిపిస్తలేరు."

ఒకవైపు చూస్తే అమర్యాద, ఇంకోవైపు చూస్తే పరాయితనం. రెండు వారాలు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. ఆ తర్వాత బస్సెక్కి కేసముద్రం పోయాను.

బాపు ఇప్పుడు మా తమ్ముడి దుకాణంలో కూర్చుంటాడు. మిషన్ దూది ఏకుతుంది, ఈయన కుట్లు చూస్తాడు. నా గోడు అంతా విని సూది పక్కన పెట్టాడు.

"ఆ పెద్దమ్మ తప్పేం అన్లే బిడ్డా. ఆమెకు వాళ్ళ మీద ఉన్న ఇజ్జత్ గది. మనం డాక్టర్ సాబ్ వచ్చిండ్రు అంటం. బడి సార్ చెప్పిండ్రు అంటం. సహాబాలకు అనెటందుకు ఏమైంది? వచ్చిండ్రు అను. చెప్పిండ్రు అను. గది మన మాటే, మర్యాద మాటే."

"మరి నువ్వెందుకు వచ్చిండు అంటవు బాపూ?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "నాకు వాళ్ళు మా ఇంటోళ్ళే అనిపిస్తరు. మా నాయిన వచ్చిండు అంటగాని వచ్చిండ్రు అంటనా?"

ఆ రెండు మాటలూ మూటగట్టుకుని వచ్చాను. వచ్చి నేరుగా పెద్దాపా ఇంటికే పోయాను. ఆమె వంటింట్లో ఉల్లిగడ్డ తరుగుతోంది. చెంగు నడుముకు దోపి నేనూ కత్తిపీట ముందు కూర్చున్నాను. "ఆపా, నిజం ఏందో మీరు నేర్పుండ్రి. తెలుగు నేను చూసుకుంట. మర్యాద తక్కువ కానియ్య" అన్నాను. ఆమె ఇంకో ఉల్లిగడ్డ నా ముందుకు జరిపింది. తర్వాత, "నువ్వు చెప్పు, నేను వింట" అన్నది.

ఆ రోజు నుంచి ఎన్నో మధ్యాహ్నాలు ఆ వంటింట్లోనే గడిచాయి. నేను తెలుగులో చెబుతాను, ఆమె ఆపుతుంది. ఛాతీ మీద పెట్టిన బండను పదిమంది మోసుకొచ్చారని బాపు చెప్పేవాడు. "పది మందా? ఎవరు లెక్క పెట్టిండ్రు? తీసెయ్" అన్నది. నాకు నవ్వూ వచ్చింది, బాపు బండ పోయినందుకు కొంచెం బాధా వేసింది. కానీ ఆమె తీసేసిన ప్రతిదానికీ బదులు ఒకటి ఇచ్చింది. ఇస్లాం కోసం అందరికంటే ముందు ప్రాణం ఇచ్చింది ఒక పేద ముసలమ్మ అని, ఆమె అంతకుముందు బానిసగా బతికిన మనిషని నాకు చెప్పింది పెద్దాపానే. చెబుతూ నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి ఉల్లిగడ్డ వాసన. ఇద్దరం ఏడ్చాం, ఉల్లిగడ్డ వల్ల కొంత, ఆ ముసలమ్మ వల్ల కొంత.

ఆ చలికాలం జనగామలో పెద్ద ఇజ్తెమా పెట్టారు. ఒక ఫంక్షన్ హాలు నిండా ఆడవాళ్ళు. ముందు వరుసల్లో ఉర్దూ తెలిసినవాళ్ళు, వెనక చివర పిల్లలను ఒళ్ళో వేసుకుని మా ఊళ్ళవాళ్ళు. పొద్దున్నుంచీ ప్రసంగాలన్నీ ఉర్దూలో సాగాయి. వెనక పిల్లల ఏడుపులు, పల్లీల పొట్టు, చిన్న చిన్న మాటలు. భోజనాలయ్యాక పెద్దాపా తానే మైకు అందుకుని, ఇప్పుడు సహాబాల గురించి తెలుగులో వింటారు అని ఉర్దూలో చెప్పింది. ముందు వరుసల్లో గుసగుసలు లేచాయి. ఒకరిద్దరు చెప్పులు వెతుక్కున్నారు. నేను ముందుకు నడిచి మైకు తీసుకున్నాను.

ముందు ఆ ముసలమ్మ ముచ్చట చెప్పాను. "పెద్ద వంశం కాదు, చేతిల బలం లేదు. కూలీనాలీ చేసుకునే మన అవ్వల లెక్కనే ఉన్నరామె. అయినా నమ్మిన మాట ఇడువలే" అన్నాను. హాలు సద్దుమణగడం మొదలైంది. అది వెనక నుంచి మొదలైంది. చివరి వరుస నిశ్శబ్దమైంది, దాని ముందుది, ఆ ముందుది. అలా ఆ నిశ్శబ్దం నా దగ్గరికి నడిచివచ్చింది. చెప్పులు వెతికినవాళ్ళు కూడా కూర్చున్నారు.

తర్వాత ఇసుక మీద పడుకోబెట్టిన ఆయన ముచ్చట ఎత్తుకున్నాను. ఆయనను ఇంకో సహాబీ కొని విడిపించడం, మదీనాలో అజాన్ పిలవడం, ఏళ్ళు గడిచాక ప్రవక్తతో కలిసి మక్కాకు గెలిచి తిరిగి రావడం. అన్నీ "అన్నరు, పోయిండ్రు, వచ్చిండ్రు" అనే చెప్పుకొచ్చాను.

"ఏ ఊర్ల బండ కింద పెట్టి తొక్కిండ్రో, గా ఊరికే వచ్చిండ్రు. ప్రవక్త ఆయన్నే పిలిచి అజాన్ ఇయ్యమన్నరు. ఊరు ఊరంత చూస్తున్నది. ఆ నల్లటాయన, ఆ బానిస, అల్లా ఇల్లు కాబా మీదికి..."

ఊపిరి అందక ఆగాను. వెనక నుంచి రేగొండామె గొంతు గట్టిగా వినిపించింది. "తర్వాత ఏమైందక్కా?"

"ఎక్కిండు!" అన్నాను.

అనేశాక తెలిసింది ఏమన్నానో. మర్యాద మాట జారిపోయి, బాపు షెడ్డు మాట వచ్చేసింది. భయంగా పెద్దాపా వైపు చూశాను. ఆమె కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి. చెంపలు తడిగా ఉన్నాయి. ముందు వరుస నుంచి లేచి నిలబడి, ఆ తడబడే తెలుగులోనే అన్నది.

"ఎక్కిండు బేటీ! మళ్ళ చెప్పు, ఎక్కిండు అని చెప్పు!"

నేను మళ్ళీ చెప్పాను. హాలంతా "అల్లాహు అక్బర్" అన్నది. పత్తి ఏరే చేతులు, పుస్తకాలు పట్టే చేతులు అన్నీ పైకి లేచాయి. పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నారు, తల్లులు ఏడుస్తూనే నవ్వుతున్నారు. అంత సంతోషం నేను నా పెళ్లిలో కూడా చూడలేదు.

ఆ తర్వాత తెలుగు ప్రసంగం లేని ఇజ్తెమా మా వైపు జరగలేదు. రేగొండలో ఇప్పుడు ఆ చిన్నదే చెబుతోంది, నాకంటే బాగా చెబుతోంది. పెద్దాపా ఆమెను కూడా వంటింట్లో కూర్చోబెట్టి సరిచేస్తుంది. మహబూబాబాద్‌లో పిలిచారు, పోయాను. పోయినేడు మా కేసముద్రంలోనే పెట్టారు. ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు బయట షామియానా కింద మైకులో వింటున్నారు. వాళ్ళలో బాపు ఉన్నాడని నాకు తెలుసు.

అయిపోయి బయటికి వచ్చేసరికి ఆయన చుట్టూ మనుషులు. "నీ బిడ్డేనా, నీ బిడ్డేనా" అని చేతులు కలుపుతున్నారు. ఆయన వాళ్ళ మధ్య నుంచే నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. తలమీద చెయ్యి పెట్టాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. మస్తు చెప్పినవ్" అన్నాడు. తర్వాత చెవి దగ్గర మెల్లగా అడిగాడు. "గని, ఆ పదిమంది మోసిన బండ ఏమైందే?"

"పెద్దాపా తీసేసింది బాపూ."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విని షామియానా కిందివాళ్ళంతా మా వైపు తిరిగారు. "సరే తీ, ఆమెకే తెలుసు" అని, నా చెయ్యి పట్టుకుని, ఎదురైన ప్రతి మనిషికీ నన్ను చూపిస్తూ, బజారు మధ్యలోంచి ఇంటికి నడిపించుకుపోయాడు.