మేష్ట్రు పక్క కుర్చీ

మంగళవారం పొద్దున మా కబడ్డీ కోచ్ గుండెపోటుతో పోయారని పాత జట్టు అమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడే నేను బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు దిగుతున్నాను. లోపలికి వెళ్లకుండా తిరుగు బస్సు ఎక్కేశాను.

ఆయన్ని మేమంతా ఇక్కడి మాటలో మేష్ట్రు అనేవాళ్లం, అంటే మాస్టారు. పొద్దున్నే మాకు ఆట నేర్పి, పదింటికల్లా చిక్కపేటలో చీరల కొట్టు పనికి వెళ్లేవారు. చేతికి తువ్వాలు దొరికినా, మా జెర్సీ దొరికినా చీరలా మడత పెట్టేసేవారు. మేం నవ్వితే, "నవ్వండప్పా, చెయ్యి ఊరుకోదు నాకు" అనేవారు.

మైదానం గీత పక్కన ఎప్పుడూ రెండు ప్లాస్టిక్ కుర్చీలుండేవి. ఒకటి ఆయనకు. రెండోది తలకు దెబ్బ తగిలినవాళ్లకు. ఆయన లెమ్మనే దాకా వాళ్లు ఆడకూడదు. రోజూ వచ్చి కూర్చోవాలి, కబుర్లు చెప్పాలి. అదో జైలనుకునేవాళ్లం.

నా వంతూ వచ్చింది. ఇద్దరు పట్టేసి పడేస్తే తల నేలకు కొట్టుకుంది. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. నొప్పి వారంలో తగ్గింది. రాష్ట్ర జట్టు ఎంపికేమో దగ్గర పడుతోంది. మేష్ట్రు అడిగితే "బాగుండాను మేష్ట్రే" అన్నాను. నిజానికి నిద్ర లేదు. కారణం లేకుండా ఏడుపొచ్చేది. ఒకరోజు అమ్మ మీదికి కంచం విసిరాను. నాకు పొగరెక్కిందనుకుంది అమ్మ. అయినా పిచ్చితల్లి, దిష్టి కూడా తీసింది.

ఆడాలనుకునేవాళ్లు అబద్ధం చెబుతారని మేష్ట్రుకు తెలుసు. అందుకే ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి అమ్మాయి ఇంటికీ వెళ్లేవారు. మా ఇంటికీ వచ్చి అమ్మని అడిగారు.

"నిద్ర పోతావుండాదామ్మా? ఊరికే కోపం వస్తావుండాదా?"

కంచం సంగతి బయటపడింది. ఆయన నావైపు తిరిగారు. "బతకొద్దనిపిస్తా ఉండాదా తల్లీ?" అని సూటిగా అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగని మాట. అవునని తలూపాను. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

మేష్ట్రు మనసు డాక్టర్ అనేసరికి అమ్మ బెదిరిపోయింది. "రేపు అందరూ పిచ్చిదంటారు సార్."

"మోకాలు వాస్తే చూపించినాం కదమ్మా? ఇదీ దెబ్బే. స్కాన్‌లో కనపడదు, అంతే." భుజం మీది తువ్వాలు తీసి మడత పెడుతూ, "వయసులో నాకూ హొసకోటెలో ఆడతా ఉంటే తలకు ఇట్లే తగిలింది. ఆరు నెలలు అందరి మీదా అరిచినా. ఎందుకో నాకే తెలీదు. మా అన్న మాటలు మానేసినాడు. మాట్లాడకుండానే పోయినాడు" అన్నారు.

డాక్టర్ దగ్గరికి మాతోపాటు ఆయనా వచ్చారు. ఎంపిక మాత్రం చేజారింది. ఆ కోపంతో నేను కుర్చీలో మొహం తిప్పుకుని కూర్చుంటే, ఆయన తీరిగ్గా చీరల రంగుల గురించి చెప్పేవారు. నాలుగు నెలలకు ఒక పొద్దున, "లే తల్లీ, పో" అన్నారు. ఆ పరుగు నా కాళ్లకింకా గుర్తుంది. రాష్ట్ర జట్టులోకి నేనెప్పటికీ వెళ్లలేదు. ఇవాళ అమ్మ పక్కన కూర్చుని అన్నం తింటున్నానంటే అది ఆయన చలవే.

ఆయన పోయిన నాలుగో రోజు మైదానానికి వెళ్లాను. ఆట లేదు, ఎవరూ లేరు. రెండో కుర్చీలో మాత్రం ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పోయిన వారం తలకు తగిలిందట.

"ఇంకా ఇక్కడే ఉండావేమ్మా?"

"మేష్ట్రు లెమ్మనలేదక్కా."

"ఎట్లుండాది ఇప్పుడు?"

"బాగుండానక్కా" అంది, నేల చూపులు చూస్తూ.

ఆయన కుర్చీలో చీరలా మడత పెట్టిన తువ్వాలుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"మీ ఇల్లెక్కడమ్మా?" అన్నాను.